'ఎండార్స్‌మెంటు' అంటే ఆమోదమేనా? రెవెన్యూ కార్యాలయం ఇచ్చిన కాగితంపై ఒక సందేహం

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. మా బాబాయి ఆంధ్రప్రదేశ్‌లో మూడెకరాల మాగాణి కొనుక్కొని, రిజిస్ట్రేషన్ అయిన తర్వాత రెవెన్యూ రికార్డులో తన పేరు ఎక్కించమని మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. కొన్ని నెలలకు కార్యాలయం వారు పిలిచి ఒక పేజీ కాగితం చేతికిచ్చి సంతకం చేయించుకున్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది, నెత్తిన పెద్ద అక్షరాలతో 'ఎండార్స్‌మెంట్' అని ఉంది. ఊళ్లో ఒక కుర్రవాడు ఆ మాటను ఫోనులోని అనువాద యాప్‌లో వేసి చూస్తే 'ఆమోదం' అని వచ్చిందట. పని అయిపోయిందని బాబాయి ఆ కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచుకున్నారు. నిన్న పండక్కి వెళ్లినప్పుడు నాకు చూపించారు. చివరి వాక్యం చదివి నా గుండె జారిపోయింది. అమ్మినవారి అన్నగారు అభ్యంతరం తెలిపినందున అర్జీని పరిగణించడం వీలుపడదని అందులో ఉంది. ఆమోదం అని పేరు పెట్టి కాదనడం ఏమిటి? ఈ మాటకు అసలు అర్థం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు. కాగితం చేతికి వచ్చి నేటికి నలభై ఒక్క రోజులు.

తెనాలి వకీలు:
మాట అర్థం రేపు మాట్లాడుకోవచ్చు, ముందు రోజులు లెక్కపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, 1971లోని 5వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం, రికార్డులో మార్పు చేసినా, చేయనన్నా, ఆ ఉత్తర్వు మీద రెవెన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు చేసుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు ఉత్తర్వు మీకు తెలియజేసిన తేదీ నుంచి మొదలవుతుంది. అంటే మీకు ఇంకా పందొమ్మిది రోజులే మిగిలాయి. కాగితం పేరు 'ఎండార్స్‌మెంటు' కాబట్టి అది ఉత్తర్వు కాదేమోనని ఆలస్యం చేయకండి. పైన ఏ పేరు రాసినా, లోపల మీ హక్కును కాదన్నప్పుడు దాన్ని కాదన్న ఉత్తర్వుగానే చూడాలి. హైకోర్టులో ఇలాంటి ఎండార్స్‌మెంట్లను సవాలు చేస్తూ రిట్ పిటిషన్లు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. మరొక్క సంగతి. మార్పు చేయరాదని అధికారి నిర్ణయించే ముందు దరఖాస్తుదారు తన వాదన చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. మీ బాబాయి గారికి అలాంటి నోటీసు వచ్చిందా, విచారణకు పిలిచారా అన్నది కనుక్కోండి. అప్పీలులో అదే మొదటి అంశం అవుతుంది.

కృష్ణాతీరం:
వకీలు గారూ, ధన్యవాదాలు. నోటీసు ఏదీ రాలేదని బాబాయి అంటున్నారు. రేపే కాగితాలు తీసుకొని బయలుదేరుతాము. అయినా ఆ మాట సంగతి నాకు వదలడం లేదు. ఆ కుర్రవాడు తప్పు చేశాడని అనలేను, నిఘంటువు తీసినా అదే అర్థం కనిపిస్తోంది.

పదకోశం:
నిఘంటువులో ఉన్నది తప్పు కాదు, కానీ అది ఆ మాటకు చివర్లో పట్టిన అర్థం. లాటిన్‌లో 'డోర్సుమ్' అంటే వీపు. కాగితం వీపు మీద, అంటే వెనుక వైపు, ఏదైనా రాయడమే ఈ మాటకు మొదటి అర్థం. మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో (చెక్కులు, ప్రామిసరీ నోట్ల వంటి చెల్లింపు పత్రాల చట్టం) ఈ మాటను ఇప్పటికీ పాత పద్ధతిలో 'ఇండార్స్‌మెంట్' అనే రాస్తారు. హుండీ (వర్తకుల పాత చెల్లింపు పత్రం) వెనుక, చెక్కు వెనుక పేరు రాసి సంతకం పెట్టినవాడు ఆ పత్రానికి పూచీ పడుతున్నాడు గనుక, పూచీ పడడం, బలపరచడం, సమర్థించడం అనే అర్థాలు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఎన్నికలలో ఒక నాయకుడు మరొకరికి మద్దతు ప్రకటించడమూ, సినిమా తార సబ్బును మెచ్చుకోవడమూ ఈ కొమ్మకు పూసినవే. తెలుగులో వెన్ను, వెనుక ఒక్క కుదురు మాటలే, 'వెన్నుదన్నుగా నిలవడం' అనే పలుకుబడిలోనూ వీపు నుంచి మద్దతుకు సాగిన అదే దారి కనిపిస్తుంది. అందుకే దీనికి 'వెనుకవ్రాత' అనే తెలుగు మాటను వాడుకలోకి తేవాలని నా కోరిక.

పాత గుమాస్తా:
నేను రెవెన్యూ శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విరమించుకున్నాను. కార్యాలయాల్లో ఈ మాట ఎలా నడుస్తుందో చెబుతాను. మీరు అర్జీ తెచ్చి అధికారి చేతికిస్తే, ఆయన దాని మార్జిన్‌లోనో మూలనో 'విచారించి నివేదిక పంపవలసినది' అని రాసి పొట్టి సంతకం వేసి కింది అధికారికి పంపుతారు. అది ఒక ఎండార్స్‌మెంటు. ఒక ఉత్తర్వు నకలును మరో కార్యాలయానికి పంపేటప్పుడు అడుగున 'నకలు ఫలానా వారికి సమర్పించడమైనది' అని రాసి నంబరు వేస్తారు, అదీ ఎండార్స్‌మెంటే. మూడోది మీ బాబాయి గారికి వచ్చినది. అర్జీదారుకు కార్యాలయం రాతపూర్వకంగా ఇచ్చే జవాబుకు మా శాఖలో ఎండార్స్‌మెంటు అనే పేరు స్థిరపడిపోయింది. పూర్వం ఆ జవాబును అర్జీ కాగితం మీదే రాసి తిరిగి ఇచ్చేవారని నా పై అధికారులు చెప్పేవారు. ఇప్పుడు వేరే కాగితం మీద టైపు చేస్తున్నా పేరు మాత్రం పాతదే.

ఆ కాగితాన్ని చదివే పద్ధతి ఒకటి ఉంది. పైన ఆర్.సి. నంబరు (ఫైలు నంబరు), తేదీ ఉంటాయి. దాని కింద విషయం, ఆ తర్వాత 'సూచిక' అని వరసగా మీ అర్జీ, గ్రామ రెవెన్యూ అధికారి నివేదిక, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నివేదిక వంటివి ఉంటాయి. మొదటి పేరాలో మీరు అడిగినదే తిరిగి రాస్తారు గనుక, అంతవరకు చదివి ఆగినవారికి తమ మాట ఒప్పుకున్నారనే భ్రమ కలుగుతుంది. అసలు సంగతి ఆఖరి పేరాలో ఉంటుంది. తెలుగులో ఇస్తే 'కావున తమ అర్జీని పరిశీలించుటకు వీలుపడదని ఇందుమూలముగా తెలియజేయడమైనది' అనే ఒక్క వాక్యం ఉంటుంది. నా సర్వీసులో ఎందరో రైతులు ఆ వాక్యాన్ని చదివించుకొని తలూపి, 'అయితే పని అయినట్టేనా బాబూ' అని అడిగేవారు. వారికి అర్థమయ్యేలా కౌంటరు దగ్గర రెండు నిమిషాలు చెప్పడం మా బాధ్యత అని నేను నమ్మేవాడిని. మీ బాబాయి గారికి ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంది.

పల్నాటి రైతు:
పాత గుమాస్తా గారు చెప్పినది చదివాక మా ఇంట్లో జరిగినది రాయాలనిపించింది. మా నాన్నగారు 2014 జూన్‌లో తెలిసిన ఒకాయనకు ప్రామిసరీ నోటు మీద రెండు లక్షలు అప్పిచ్చారు. 'మీరు కోరినప్పుడు మీకు గాని మీ ఆర్డరు పొందినవారికి గాని అసలు ఫాయిదాలు చెల్లించగలవాడను' అని రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో పద్ధతిగా రాసిన నోటది. 2016లో ఆయన ఐదు వేలు ఇచ్చాడు. నాన్నగారు నోటు వెనక్కి తిప్పి, 'రూ. 5,000 ముట్టినవి' అని తమ చేత్తో తామే చెల్లు రాసుకొని తేదీ వేశారు. అతని చేత సంతకం చేయించమని మా అమ్మ అంటే, రోజూ ముఖాలు చూసుకొనే మనిషిని సంతకం అడగడం ఏం బాగుంటుందని ఊరుకున్నారు. 2018లో దావా వేస్తే నోటుకు కాలదోషం పట్టిందని, అంటే దావా గడువు దాటిందని, కొట్టేశారు. ఆ చెల్లు కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీలి సిరాతో గుండ్రంగా రాసిన నాన్నగారి అక్షరాల కింద ఒక సంతకం పట్టేంత ఖాళీ జాగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

తెనాలి వకీలు:
రైతు గారూ, చాలా విచారకరం. ఇలాంటి నోట్లు నా వద్దకు ఏటా వస్తూనే ఉంటాయి, కాబట్టి ఇతర సభ్యుల కోసం వివరంగా రాస్తాను. కోరినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటు మీద దావాకు, నోటు తేదీ నుంచి మూడేళ్లు గడువు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, ఆ మూడేళ్లు నిండకముందే కొంత సొమ్ము చెల్లిస్తే, చెల్లించిన తేదీ నుంచి మళ్లీ కొత్తగా గడువు లెక్కకు వస్తుంది. అయితే ఆ చెల్లింపు రాత చెల్లించినవాని చేతిరాతలో ఉండాలి, లేదా ఎవరు రాసినా కింద అతని సంతకం ఉండాలి. సొమ్ము పుచ్చుకున్నవాడు తనకు తాను రాసుకున్న చెల్లు గడువును పెంచదు. నోటు వెనుక రాసే రాత ఎవరి మీద బాధ్యత మోపుతుందో వారి సంతకమే దానికి ప్రాణం.

గడువు దాటిపోయిన అప్పుకు ఒక్క దారి ఉంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం, కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని బాకీదారు రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుంది. కానీ అది అతని మనసును బట్టి జరిగేది. కాబట్టి చెల్లు రాయించేటప్పుడే 'ఈ నోటు బాకీ కింద ఈ రోజున అసలు వడ్డీల నిమిత్తం రూ. ఇంత నగదుగా చెల్లించినాను' అని బాకీదారు వైపు నుంచి వాక్యం రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి. మొహమాటం వద్దు. ఎంత చెల్లించాడో రాతలో ఉండడం ఆయనకూ రక్షణే.

బ్యాంకు విశ్రాంతి:
చెక్కుల సంగతి నేను చెబుతాను. ఆర్డరు చెక్కు (పేరున్నవారికి గాని వారు చెప్పినవారికి గాని చెల్లేది) వెనుక 'ఫలానా వారికి చెల్లించండి' అని పేరుతో రాసి సంతకం పెడితే అది పూర్తి ఎండార్స్‌మెంటు. పేరు రాయకుండా వట్టి సంతకం పెడితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం ఆ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వారికి చెల్లేదిగా మారిపోతుంది. దారిలో పడిపోయినా, దొంగిలించినా ప్రమాదమే. అందుకే బ్యాంకుకు వెళ్లక ముందే ఇంట్లో కూర్చొని చెక్కు వెనుక సంతకం పెట్టుకోవద్దని ఖాతాదారులకు చెబుతూ ఉండేవాడిని. చెక్కు సొమ్ములో సగం ఒకరికి, సగం ఒకరికి అని రాయడం కూడా చెల్లదు.

ఇక పూచీ సంగతి. బేరరు చెక్కు (తెచ్చినవారికి చెల్లేది) చేతులు మారితే చాలు, దానికి వెనుక రాత అక్కరలేదు. కౌంటరులో మేము వెనుక సంతకం తీసుకొనేది సొమ్ము ముట్టినట్లు రుజువు కోసం. ఆర్డరు చెక్కును సంతకంతో ఇంకొకరికి బదలాయించినవారు మాత్రం, అది తిరిగి వస్తే, తగిన నోటీసు అందిన మీదట పుచ్చుకున్నవారికి నష్టం భర్తీ చేయవలసి ఉంటుంది. 'నాపై బాధ్యత లేకుండా' అని రాసి సంతకం పెడితేనే ఆ పూచీ తప్పుతుంది. ఈ సంగతి తెలియక స్నేహితుని మాట మీద చెక్కు వెనుక పేరు రాసి ఇబ్బంది పడినవారిని చూశాను. 'అకౌంట్ పేయీ' గీత ఉన్న చెక్కుల సొమ్ము పేరున్నవారి ఖాతాకే చేరాలి గనుక ఈ బదలాయింపు ఈ రోజుల్లో బాగా తగ్గిపోయింది.

దస్తావేజు లేఖరి:
పదకోశం గారి 'వెనుకవ్రాత' వినసొంపుగానే ఉంది, కానీ ఒప్పుకోలేకపోతున్నాను. మా పనిలో ఎండార్స్‌మెంటు అంటే స్టాంపు కాగితం వెనుక రిజిస్ట్రారు కార్యాలయంలో పడే రాతలన్నీ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు దాఖలు చేసిన రోజు, వేళ, చోటు రాయాలి, దాఖలు చేసినవారి సంతకం తీసుకోవాలి. 'పగలు 11 మరియు 12 గంటల మధ్య దాఖలు చేయబడినది' అన్న పంక్తి దానికోసమే. ఆ తర్వాత 'వ్రాసి యిచ్చినట్లు ఒప్పుకొన్నది' అన్న శీర్షిక కింద రాసిచ్చినవారి సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర ఉంటాయి. 'నిరూపించినది' అన్న చోట గుర్తెరిగిన సాక్షుల సంతకాలు ఉంటాయి. చివరకు పుస్తకం నంబరు, దస్తావేజు నంబరు, 'రిజిస్టరు చేయడమైనది' అన్న ముద్ర. రిజిస్టరు చేయనంటే, 71వ సెక్షన్ ప్రకారం 'రిజిస్ట్రేషను నిరాకరించడమైనది' అని రాసేదీ అదే కాగితం మీదే. ఇంత పెద్ద వ్యవహారాన్ని వట్టి 'వెనుకవ్రాత' అంటే, ఏదో చిత్తు రాత అనుకుంటారు.

కృష్ణాతీరం గారి బాబాయి విషయానికి ఇది నేరుగా సంబంధించినది. రిజిస్ట్రారు వేసే ఎండార్స్‌మెంటు ఫలానా రోజున ఫలానా మనిషి వచ్చి రాసిచ్చినట్లు ఒప్పుకున్నాడని చెబుతుంది. ఆ మనిషికి ఆ భూమి మీద సంపూర్ణ హక్కు ఉందని చెప్పదు. అమ్మినవారి అన్నగారు ఇప్పుడు వచ్చి నా వాటా కూడా ఉందని అంటున్నారంటే కారణం అదే. మేము దస్తావేజు రాసేటప్పుడు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించమనీ, ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములందరి చేతా సంతకాలు పెట్టించమనీ చెబుతాము. తొందరపడి కొనేవారు వినరు.

గల్ఫ్ జగిత్యాల:
నాది చిన్న మాట. మా వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చేవారికి ఎండార్స్‌మెంటు అంటే పాస్‌పోర్టు మీది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర. సాధారణంగా పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టులో అది ఉంటుంది. అది ఉన్నవారు సౌదీ, కువైట్, ఎమిరేట్స్ వంటి పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్లాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అంటే మాకు ఆ మాట అడ్డంకిని సూచిస్తుంది. దాన్ని ఎవరైనా 'ఆమోదం' అని అనువదిస్తే మా కుర్రవాళ్లు విమానాశ్రయం దాకా వెళ్లి వెనక్కి వస్తారు.

వినియోగదారు:
ప్రకటనల సంగతి పదకోశం గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ కూడా పూచీ వచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఎండార్స్‌మెంటును నిర్వచిస్తూ, ఒక వ్యక్తి పేరు, రూపం, సంతకం వంటివి చూపి, ఇది ఆయన అభిప్రాయం లేదా అనుభవం అని కొనేవాడు నమ్మేలా చేసే ప్రతి సందేశాన్నీ అందులో చేర్చింది. చూడండి, సంతకం ఇక్కడ కూడా వచ్చింది. ప్రకటన తప్పుదారి పట్టించేదైతే, మెచ్చుకున్న ప్రముఖుడికి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఒక ఏడాది, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు ప్రకటనలలో కనిపించకుండా నిషేధించవచ్చు. తగిన జాగ్రత్తతో నిజానిజాలు విచారించుకున్నానని రుజువు చేసుకోగలిగితే తప్పించుకోవచ్చు. చెక్కు వెనుక పేరు రాసినవాడి మీద ఉన్న భారమే తెర మీద నవ్వినవారి మీద కూడా ఉండాలన్నది నాకు న్యాయంగా తోస్తుంది.

పదకోశం:
లేఖరి గారి అభ్యంతరం ఒప్పుకుంటున్నాను. సభ్యులు రాసినవన్నీ చదివాక 'వెనుకవ్రాత' అనే మాటను పట్టుకొని వేలాడడం సరికాదనిపించింది. ఒకే తెలుగు మాట అన్నిచోట్లా సరిపోదు. నోటు మీద 'చెల్లు' అనే చక్కని మాట మనకు ఎప్పటి నుంచో ఉంది, చెక్కు విషయంలో 'బదలాయింపు' ఉంది, ప్రకటనలకు 'సమర్థన' కుదురుతుంది, ఎన్నికలకు 'మద్దతు' ఉంది. రిజిస్ట్రారు రాతలకు, రెవెన్యూ జవాబులకు జనం నోట ఉన్న 'ఎండార్స్‌మెంటు'నే ఉంచి, పక్కన దాని సారాన్ని చెప్పడం మేలు. ఒక్క 'ఆమోదం' మాత్రం ఈ కార్యాలయ కాగితాల దగ్గరకు రానివ్వకూడదు. నేటి వాడుకలో ఆమోదం అంటే ఒప్పుకోవడమే. అనువాద యాప్‌లు తయారుచేసేవారు ఈ చర్చను చూస్తే బాగుండును.

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. నిన్న అప్పీలు దాఖలు చేశాము. వకీలు గారు చెప్పినట్లు, విచారణకు పిలవలేదన్న అంశాన్ని మొదట పెట్టాము. కాగితం తెలుగు అనువాదం జతచేయవలసి వచ్చినప్పుడు, నెత్తిన 'అర్జీని తిరస్కరిస్తూ ఇచ్చిన ఎండార్స్‌మెంటు' అని రాశాను. బాబాయి అది చదివించుకొని, 'ఈ మాట అప్పుడే రాసి ఉంటే నలభై రోజులు హాయిగా నిద్రపోయి ఉండేవాడిని కాదు' అన్నారు. ఒక్క అనుమానం మిగిలింది. కాగితం మీద ఉన్న తేదీ, మా చేతికి వచ్చిన తేదీ వేరు. మధ్యలో పన్నెండు రోజుల తేడా ఉంది. కాగితం తేదీ నుంచి లెక్కిస్తే గడువు దాటిందని అవతలివారు అంటారేమో.

పాత గుమాస్తా:
అనవచ్చు, కానీ మీకు తెలియజేసిన తేదీయే లెక్క. ఆ రోజు మీ బాబాయి గారి చేత సంతకం చేయించుకున్నారని రాశారు కదా. ఆ సంతకం కార్యాలయం ఫైలులో ఉండే నకలు మీదే తీసుకుంటారు, 'అసలు ప్రతి ముట్టినది' అని రాసి దాని కింద తేదీ వేయిస్తారు. వెంటనే ఆ పేజీకి ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టండి. తేదీ వేయకుండా వట్టి సంతకమే తీసుకొని ఉంటే, కాగితం ఇచ్చిన గుమాస్తా తపాలా అప్పగింత పుస్తకంలో ఆ రోజు నమోదు ఉంటుంది, దాని నకలు అడగండి. బాబాయి గారిని మీతోపాటు తీసుకువెళ్లండి, సంతకం తనదేనని వారే చెప్పాలి.